మిరపకల్లంలో పాఠం నుంచి నాపరాళ్ళ గని దాకా

కర్నూలు జిల్లాలో పడమటి వైపు ఒక ఊరికీ, అక్కడి నుంచి కడప జిల్లాలో ఒక నాపరాళ్ళ గనికీ వెళ్ళి వచ్చాను. ఊరి పేరు రాయను. పిల్ల పేరు మార్చి నాగవేణి అంటాను. వాళ్ళ నాన్నను ఈరన్న అందాం. ఆ వైపు వీధికి నలుగురు ఈరన్నలు ఉంటారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. పేర్లు రాసి, బొమ్మలు పెట్టి నేను ఇదివరకు చేసిన నిర్వాకమే చాలు.

నేను గుంటూరు పక్కన మిర్చి పండే పల్లెలో లెక్కలూ సైన్సూ చెప్పే టీచర్ని. కార్తీకం దాటాక కర్నూలు జిల్లా నుంచి కుటుంబాలకు కుటుంబాలు మా చేలల్లో కాయ కోయడానికి దిగుతాయి. ఇలా కూలికి వలస రావడాన్ని వాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. పెద్దవాళ్ళతో పిల్లలూ వస్తారు. వచ్చిన పిల్లకు ఆ ఏడు చదువు అంతటితో సరి.

హైదరాబాదులో కంప్యూటరు శిక్షణకు వెళ్ళినప్పుడు మద్దిలేటి అనే కర్నూలు మాస్టారు పరిచయమయ్యారు. శిక్షణకు వచ్చిన టీచర్లమంతా ఒక ఈ-మెయిల్ గ్రూపు పెట్టుకున్నాం. అందులో ఒకరోజు ఆయన రాశారు, మా బడిలో సగం మంది మీ చేలల్లోనే ఉన్నారు, పాఠం పంపితే వినిపిస్తారా అని. అలా మొదలైంది. అక్కడ ఊళ్ళో మిగిలిన పిల్లలే వారం పాఠాన్ని మైకులో చెప్పేవారు. ఆయన శనివారం ఎమ్మిగనూరు నెట్ సెంటరుకు పోయి పంపేవారు. నేను గుంటూరులో దించుకుని సీడీ మీదకు ఎక్కించి, సాయంత్రం కాయలు ఎండబోసిన కల్లం దగ్గర బ్యాటరీల సీడీ ప్లేయరులో పెట్టేదాన్ని. కల్లం పిల్లలు చెప్పిన జవాబులు రికార్డు చేసి మళ్ళీ అటు పంపేదాన్ని.

వాళ్ళందరిలో నాగవేణి గొంతు వేరు. అప్పుడు ఆరో తరగతి. శాతాల లెక్క చెప్పమంటే, పచ్చిగా ఉన్న పండుమిరప బస్తా ఎండితే ఎంత బరువు తగ్గుతుందో దానితో చెప్పింది. ఏడేళ్ళుగా నేను బోర్డు మీద సుద్దముక్కలు అరగదీసినా మా పిల్లలకు ఎక్కని శాతం, ఆ జవాబు మా బడిలో వినిపించిన పూట ఎక్కింది.

ఇక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నేను ఒక బ్లాగు మొదలుపెట్టాను. ఎర్రటి మిరపరాశి మీద కూర్చుని, ఒక చేత్తో తొడిమలు తీస్తూ, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని పాఠం వింటున్న నాగవేణి ఫోటో పెట్టాను. కింద నాలుగు వాక్యాలు రాశాను. ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకుంటూ వ్యాఖ్యలు పెట్టారు. పొంగిపోయాను. పది రోజుల్లో ఒక పత్రిక ఆ ఫోటో అచ్చువేసింది. బాలకార్మికుల అధికారులు జీపులో దిగారు. రైతు భయపడి, కోత సగంలో ఉండగా ఆ ముఠా మొత్తాన్ని పంపేశాడు. అది పోయిన ఏడు. ఈ ఏడు కూలీలను తెచ్చే మేస్త్రి అందరినీ పిలిచి ఈరన్న ఇంటిని మాత్రం వదిలేశాడు. మా ఊళ్ళో ఏ రైతూ నన్ను సీడీ ప్లేయరుతో కల్లంలోకి రానివ్వలేదు.

తర్వాత మద్దిలేటిగారి మెయిల్ వచ్చింది. నాగవేణి బడి మానేసిందట. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షకు పోయే జాబితా శనివారం పంపాలి, అందులో పిల్ల సంతకం పెట్టాలి. "నేను చెప్తే ఆయన వినడు మేడం, ఒక తూరి మీరు రాండి" అని రాశారు. మంగళవారం బయల్దేరాను.

కర్నూలులో ఉగ్గాని

బుధవారం పొద్దున కర్నూలులో దిగాను. తుంగభద్ర గురించి పాఠం చెప్పడమే గాని చూడడం అదే మొదలు. ఇసుకా, బండలూ, వాటి మధ్య బట్టలుతికేంత నీళ్ళు. కృష్ణ కాలువ కింద పుట్టి పెరిగినదాన్ని. నది అంటే ఇట్లా కూడా ఉంటుందా అనుకున్నాను.

మద్దిలేటిగారు బస్టాండు దగ్గర బండి మెట్ల పక్కన ఆనించి నా కోసం నిలబడి ఉన్నారు. ముందు తినండి అన్నారు. ఎనిమిది రూపాయలకు ఒక ప్లేటు ఉగ్గాని, మీద రెండు మిరపకాయ బజ్జీలు. నానబెట్టిన బొరుగులకు తాలింపు వేసి పప్పుల పొడి కలుపుతారు. మా వైపు బొరుగులను మరమరాలంటాం, పిల్లల చేతుల్లో పెట్టి ఏడుపు మాన్పిస్తాం, పొద్దుటి ఫలహారమని ఎవరూ అనుకోరు. రెండో ప్లేటు నేనే అడిగాను. బజ్జీ కొరికి కారం చాలలేదన్నాను. హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, గుంటూరా అమ్మా అని అడిగి, మీ కాయలే, మా మందే పోయి కోసుకొచ్చినవి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కొరికిన బజ్జీ ప్లేటులో పెట్టేశాను.

ఎమ్మిగనూరులో నూనె డబ్బాల వెనక

ఇన్నాళ్ళూ మా పాఠాలు బయల్దేరిన నెట్ సెంటరు చూడాలని అడిగాను. అది నేననుకున్నట్టు అద్దాల గది కాదు. ఒక శెట్టిగారి కిరాణా కొట్టు. వేరుశనగ నూనె డబ్బాలు పక్కకు జరిపి లోపలికి పోతే నాలుగు కంప్యూటర్లు. గంటకు ఇరవై రూపాయలు. పాఠం పంపే రోజు మద్దిలేటిగారి దగ్గర ఆయన రూపాయి తీసుకోరట. పిల్లల గొంతులు కొట్లోకి వినిపించేలా పెట్టించుకుని వినేవారట. సరుకులకు వచ్చినవాళ్ళూ ఆగి వినేవారట.

నేనెవరో చెప్పగానే శెట్టిగారు తక్కెడ వదిలి లేచారు. ఈరన్న తన దగ్గరకు వచ్చాడని చెప్పారు. మా ముఠాకు ఈ గతి పట్టించిన రాత కంప్యూటర్లో ఉందట, అందులో ఏముందో చదవమని అడిగాడట. ఈరన్నకు చదువు రాదు.

"కింద జనం రాసినవి నాలుగు చదివి నిలిపేసినానమ్మా. మనిషి ఎదురుగా నిలబడి ఉండాడు, అట్లాంటి మాటలు ఎట్ల చదివేది? కాగితం మీద తీసిస్తా, ఇంగెవరితోనన్నా చదివించుకో అంటే తీసుకోకుండ ఎల్లిపాయె."

ఆ కాగితాలు ఇంకా ఆయన గల్లాపెట్టె కిందే ఉన్నాయి. నా చేతికిచ్చారు. నూనె డబ్బా మీద కూర్చుని నేను రాసింది నేనే చదువుకున్నాను. "చదువు విలువ తెలియని తల్లిదండ్రుల మధ్య, మిరప ఘాటులో, ఈ చిన్నారి ఒంటరిగా అక్షరాన్ని వెతుక్కుంటోంది." ఈ వాక్యాన్నే ఎక్కువమంది మెచ్చుకున్నారు. దాని కింద వ్యాఖ్యలు. చిన్నారి మీద జాలి, నాకు జేజేలు, మిగిలినదంతా తండ్రికి తిట్లు. అప్పట్లో ఇవన్నీ చదివాను. మెప్పులు మాత్రమే గుర్తుపెట్టుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ తండ్రిని నేను సరిగ్గా చూసింది కూడా లేదు. సాయంత్రం పోయినవారం జవాబులు రికార్డు చేసుకుని, ప్లేయరు కల్లంలో పెట్టి, పాఠం మొదలవగానే ఆఖరి బస్సుకు పరుగెత్తేదాన్ని. మరి చదువు విలువ తెలియదని ఎలా రాశానంటే, రాయడానికి బాగుంది, రాశాను.

ఊళ్ళో రొట్టె

గురువారం ఊరికి చేరాం. నల్లరేగడి చేలు, కోసేసిన పత్తి, సగం ఇళ్ళకు తాళాలు. బడిలో అరవై పేర్లున్న తరగతిలో ఇరవై ఆరుగురు కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి, అందరూ బాగున్నారా అన్నానో లేదో, "గుంటూరు మేడం" అని ఒక పిల్ల లేచింది. మొహం ఎప్పుడూ చూడలేదు కదా, నేను పంపిన రికార్డుల్లో ప్రశ్నలడిగిన గొంతుతో గుర్తుపట్టారు. ఈ ఏడు కల్లం నుంచి జవాబులు ఎందుకు రావడం లేదని అడిగారు. వచ్చే ఏడు చూద్దాం అన్నాను. టీచరుగా నేను చెప్పిన అబద్ధాల్లో అది పెద్దదే.

ఈరన్న ఇంటికి తాళం. ఇరుగుపొరుగు ఏమీ చెప్పరు. సగం కూలీ పోయింది వాళ్ళదీ కదా, ఆ ఇంటి ఊసే వద్దన్నట్టు మొహాలు తిప్పుకున్నారు. వీధి చివర ఈరన్న తల్లి ఉంటుందని మద్దిలేటిగారు తీసుకుపోయారు. ఆమె జొన్నరొట్టె కొడుతోంది. మా ఇళ్ళల్లో వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళిచ్చి సంగతి అడుగుతాం. ఆమె ఎవరు మీరనైనా అడగకుండా తినమంది. రొట్టెలోకి ఎర్రగా నూరిన పచ్చడి, పుండికూర పప్పు. పుండికూర అంటే మా గోంగూరే. గోంగూర మాదేనని మేము చాటుకోవడమే గాని, ఆ పప్పు ముందు మాట్లాడకుండా ఉండడం మర్యాద.

ఒక రొట్టె తిన్నాక చెప్పాను. "అవ్వా, ఆ ఫోటో తీసింది నేనే."

ఆమె చేతులు ఆగాయి. నా వైపు చూడలేదు. పెనం మీద రొట్టె తిరగేసింది, కాలనిచ్చింది, తీసి నా పళ్ళెంలో వేసింది.  అది నేను తిన్నాక మద్దిలేటిగారితో చెప్పింది, మూడు వారాలైంది పోయి, జమ్మలమడుగు దిక్కున బండలు తీసే గనికాడ ఉండారు, మనవరాలు గూడ ఆడనే ఉండాది అని. ఇంకో ముద్ద పిండి చేతిలోకి తీసుకుంటూ, "పాప వస్తే నా దగ్గర పెట్టుకుంటా" అంది. అది నాతో అన్నదో, పొయ్యితో అన్నదో తెలియలేదు.

బనగానపల్లె మీదుగా

శుక్రవారం బయల్దేరాం. ఒక్క రోజే మిగిలింది. బస్సు బనగానపల్లెలో ఆగితే, బంగినపల్లి మామిడి పుట్టింటికి వచ్చి రుచి చూడకపోతే ఎలా అని ఒక పళ్ళ బండి దగ్గరకు పోయి అడిగాను. బండావిడ జామకాయలు తుడుస్తూ, ఇప్పుడే పూత మీద ఉండాయి, ఉగాది దాటినాక రాపో తల్లీ అంది. సైన్సు టీచరునై ఉండి మామిడికి కాలం ఉంటుందని మర్చిపోయాను. మద్దిలేటిగారు మర్యాదగా పక్కకు తిరిగి నవ్వుకున్నారు. రూపాయికి రెండు జామకాయలు కొనుక్కుని బస్సెక్కాను.

దారిలో ఆయన ఒక మాట చెప్పారు. ఫోటో గొడవ తర్వాత ఆయన మీద కూడా విచారణ జరిగిందట, బడిలో ఉండాల్సిన పిల్ల చేలో ఎందుకుందని. సంజాయిషీ రాసిచ్చారట. ఏడాదిగా నాకు ఒక్క మెయిల్లో కూడా ఆ మాట అనలేదు. ఎందుకు చెప్పలేదని కోపంగా అడిగాను. నా కోపం ఎప్పుడూ పొరపాటున ఎదుటివాళ్ళ మీదే పడుతుంది. ఆయన కిటికీలోంచి చూస్తూ, చెప్తే మీరు పాఠాలు నిలిపేస్తారనుకున్నా మేడం అన్నారు.

గని దగ్గర

గని చేరేసరికి మధ్యాహ్నం. పని దిగేదాకా మాట్లాడరు, గండికోట దగ్గరే, చూసి వద్దాం అన్నారు మద్దిలేటిగారు. వెళ్ళాం. పెన్న నది ఎర్రటి కొండను నిలువునా చీల్చుకుని లోతున పారుతోంది. అంత గొప్ప దృశ్యం ముందు నేను నిలబడి శనివారం గురించి ఆలోచిస్తున్నాను. సంచిలో కెమెరా ఉంది. తీయలేదు. ఎవరో కాలేజీ అమ్మాయిలు తమ కెమెరా ఇచ్చి ఫోటో తీయమంటే, తీసి, దీన్ని ఎక్కడ పెడతారని అడిగాను. ఇంట్లో ఆల్బంలో అన్నారు, ఈమెకేమైందన్నట్టు చూస్తూ.

తిరిగొచ్చి గనిలోకి దిగుతుంటే పలకల కుప్ప మీద జారి నా చెప్పు తెగింది. ఒక్క చెప్పుతో కుంటుకుంటూ పోయాను. మెట్లు మెట్లుగా దిగిన గుంత, నీలంగా నాపబండలు, వందల సుత్తుల చప్పుడు. ఒక రేకుల కొట్టం ముందు ఈరన్న చేతులు కడుక్కుంటున్నాడు. సన్నటి మనిషి, తలకు తువ్వాలు, రాతిపొడికి కనుబొమలు తెల్లబడి ఉన్నాయి. భార్య తిమ్మక్క సంగటి కెలుకుతోంది. నాగవేణి నీళ్ళ కుండ దగ్గర నిలబడి నన్ను చూసి తల దించుకుంది. ఏడాదిలో బాగా పొడుగైంది.

"రాండి మేడం, కూసోండి" అని ఈరన్న ఒక బండ తుడిచాడు.

నేను తప్పు చేశానని చెప్పాను. అడగకుండా ఫోటో పెట్టాను, మీ కూలి పోయింది, మీ పేరు పోయింది, నన్ను క్షమించండి, పిల్లను మాత్రం పరీక్షకు పంపండి అన్నాను. దారి పొడుగునా ఈ మాటలు సర్దుకుంటూ వచ్చాను. 

ఆయన విన్నాడు. ఆ బొమ్మ తీసేశారా అని అడిగాడు. నా బ్లాగులోంచి తీసేశాను, కానీ చూసినవాళ్ళు చాలామంది దాచుకుని ఉంటారు, అది నా చేతిలో లేదు అన్నాను. అంటే పోదు అన్నాడు. పోదు అన్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అమ్మ అంటుండేది. అబద్ధం చెప్పి పిల్లను తీసుకుపోవాలనిపించలేదు.

"బొమ్మకేముండాది మేడం. పాప పని చేస్తాండాది, అది నిజమే. సుగ్గికి పోయినంక అందరం చెయ్యాల. మీరు రాసింది ఉండాది గద, అదీ నాకు..." అని ఆగిపోయాడు.

తిమ్మక్క తెడ్డు పక్కన పెట్టి ఇటు తిరిగింది. నేను పెట్టి పోయిన ప్లేయరులో బ్యాటరీలు నాలుగు రోజులకే అయిపోయేవట. నేనేమో రైతు వేయిస్తున్నాడనుకున్నాను. ఈరన్న పని దిగాక రెండు మైళ్ళు నడిచి పోయి బ్యాటరీలు తెచ్చేవాడట. పిల్లలు విన్నాక, ఇంకోసారి పెట్టు పాపా అని తనూ వినేవాడట. శాతాల లెక్కకు మిరప బస్తా ఉపాయం చెప్పిందే ఆయనట. కాటా దగ్గర ప్రతి ఏడూ చూసేది ఆయనే కదా.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పదిమంది మెచ్చుకున్న ఆ వాక్యం నేను ఈ మనిషి గురించే రాశాను.

"శెట్టి నాలుగు చదివి నిలిపినాడు" అన్నాడు ఈరన్న. "నా గురించి ఊరూరోళ్ళు ఏమేమి రాసినారో నాకు తెలియాల. మీ దగ్గర ఉండాదా?"

ఉంది అన్నాను.

"చదవండి."

మద్దిలేటిగారు వద్దన్నట్టు కదిలారు. నేను కాగితాలు తీశాను. ముందు నా వాక్యమే చదవాల్సి వచ్చింది. చదువు విలువ తెలియని, అని ఆయన మొహం ముందు చదివాను. తర్వాత వ్యాఖ్యలు. రెండు చదివాను. మూడోది సగంలో ఆపేశాను. ఇక నా వల్ల కాదన్నాను.

నాగవేణి వచ్చి నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది. నిలబడే చదివింది. ఇలాంటి తండ్రులకు పిల్లలెందుకని ఒకరు రాశారు. పసిదాని రెక్కల కష్టం మీద తాగే రకమని ఒకరు. ఈ మొద్దు జనం మారరని ఒకరు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఒక్క అక్షరం మింగకుండా, సీడీలో పాఠం చెప్పినంత స్పష్టంగా చదివింది. చుట్టుపక్కల కొట్టాల వాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఈరన్న కాగితం వైపు చూడలేదు, తిట్లు వింటున్నట్టు కూడా లేడు. కూతురి నోటి వైపే చూస్తున్నాడు.

మూడు కాగితాలూ అయ్యాయి.

"అయిపాయెనా?" అన్నాడు.

"అయిపాయె నాయనా."

ఆయన తిమ్మక్క వైపు తిరిగి, "యాడా తడుముకోలేదు సూడు" అన్నాడు.

కాసేపటికి సంతకం ఎప్పుడని అడిగాడు. రేపు మధ్యాహ్నంలోగా అన్నారు మద్దిలేటిగారు. ఆఖరి బస్సు ఎప్పుడు పోతుందో పక్క కొట్టం వాళ్ళను అడిగి కనుక్కున్నాడు. పాప గుడ్డలు సర్దమని భార్యతో చెప్పాడు, పరీక్షలయ్యేదాకా అవ్వ దగ్గర ఉంటుందన్నాడు. నాగవేణి సంచి చేతికందుకుంటూ నా దగ్గరకొచ్చి, పరీక్ష రాస్తాను గాని మైకులో మాత్రం ఇంక చెప్పను మేడం అంది. సరే తల్లీ అన్నాను. అంతకంటే అడిగే హక్కు నాకు లేదు. తిమ్మక్క నా తెగిన చెప్పుకు తీగ చుట్టి ఇచ్చింది.

బయల్దేరేముందు, చించి పారేద్దామని, ఆ కాగితాలు ఇవ్వమని చెయ్యి చాపాను. ఈరన్న అప్పటికే వాటిని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఉండనీ మేడం. పాప చదివింది గద."